సున్నాకు దించని లైటు

పదేళ్లకు పైగా నాటకాలకు లైట్లు వేశాను. అందులో రెండేళ్లు ప్రతి రిహార్సలూ, ప్రతి ప్రదర్శనా భయంతోనే గడిచాయి. ఆ భయం కరెంటుది కాదు. పగలంతా హనుమకొండ చౌరస్తాలో మా బాబాయి దుకాణంలో కూర్చుని, నర్సంపేట వైపు నుంచి రైతులు బస్సుల మీద వేసి తెచ్చే కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టేవాణ్ణి. కరెంటు దగ్గర చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నాకు తెలుసు. నా భయమంతా ఒక మనిషి గురించి.

ఆయన మా నాటక సమాజంలో హీరో. మండిబజారులో దర్జీ. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు మాట్లాడే ఆయన స్టేజి ఎక్కితే ఒక్క అక్షరం తడబడేవాడు కాదు. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. సమాజాన్ని నడిపేది ఒక లెక్చరర్ సార్. నాటకం రాసేదీ, చేయించేదీ ఆయనే. మంచివాడే కాని, అనుకున్నది అనుకున్నట్టు రాకపోతే చేతిలో ఉన్న కాగితాలు నేలకేసి కొట్టేవాడు.

డెబ్బైల చివర్లో సార్ హైదరాబాదు పోయి, ఎవరో అమ్మేస్తున్న లైటింగ్ బోర్డు ఒకటి తెచ్చాడు. అంతకుముందు నేను మట్టి గొట్టాల్లో ఉప్పునీళ్లు పోసి, వాటిలోకి రేకు ముక్కలు దించుతూ, పైకి లాగుతూ వెలుతురును తగ్గించి పెంచేవాణ్ణి. ఈ బోర్డు వచ్చాక ఆ బాధ పోయింది. హార్మోనియం పెట్టెకు రెండింతలు ఉండేది. పైన పన్నెండు మీటలు, కింద పన్నెండు. ఒక్కో మీట ఒక్కో లైటుకు. పక్కన సున్నా నుంచి పది దాకా అంకెలు. పై వరుస మీద ఒక సీను నడుస్తుంటే, కింది వరుసలో వచ్చే సీనుకు కావలసిన అంకెలు పెట్టుకోవాలి. సమయం రాగానే పక్కనున్న పెద్ద మీట లాగితే పై సీను ఆరుతూ కింది సీను వెలుగుతుంది. ఆ వెంటనే పై వరుసను మూడో సీనుకు సర్దాలి. ఇట్లా నాటకం అయిపోయేదాకా.

ఆ బోర్డు ఏదీ గుర్తుపెట్టుకోదు. గుర్తుండేదంతా నా నోట్‌బుక్కులోనే. గీతలు కొట్టి, ఏ మాటకు ఏ లైటు ఏ అంకెకు రావాలో, ఎన్ని లెక్కపెట్టేలోగా రావాలో పెన్సిలుతో రాసుకునేవాణ్ణి. రిహార్సల్లో సార్ మార్చమంటే రబ్బరుతో చెరిపి మళ్లీ రాసేవాణ్ణి. కొన్ని పేజీలు చెరిపి చెరిపి చిరిగిపోయేవి.

ఒక సాయంత్రం బడి హాల్లో రిహార్సల్. రెండో సీను చివర అన్ని లైట్లూ సున్నాకు దించి, ఎనిమిది లెక్కపెట్టి, మూడో సీను వెలిగించాలి. ఆ ఎనిమిది లెక్కలో అన్న కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లిపోవాలి. నేను మీట లాగాను. ఎనిమిది లెక్కపెట్టాను. లైట్లు వచ్చేసరికి అన్న స్టేజి అంచున ఉన్నాడు. ఒక పాదం సగం బయటికి, గాలిలో. రెండు చేతులూ ముందుకు చాపి ఉన్నాడు. ముఖం మాత్రం హాలు వైపు కాకుండా ఎటో తిరిగి ఉంది.

వెలుతురు పడగానే చేతులు దించి, వెనక్కి జరిగి, నవ్వాడు. "ఎటు పోవాల్నో మరిచిపోయిన సార్, ఆడికే ఆగిన" అన్నాడు. సార్ విసుక్కుని మళ్లీ మొదటి నుంచి అన్నాడు. నేను మాత్రం ఆ మాట నమ్మలేదు. చీకట్లో తడబడే మనిషి అట్లా నిలబడడు. కళ్లు లేని మనిషి నిలబడతాడు.

రిహార్సల్ అయ్యాక నేను వైర్లు చుడుతుంటే అన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. అందరూ వెళ్లేదాకా ఆగి, నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

"తమ్మీ, నువ్వు చూసినవు గదా."

"చూసిన అన్నా. ఏమైంది?"

"రేచీకటి. పొద్దుగూకితే నాకు ఏం కనిపియ్యది. మా అబ్బాకు గూడ గిట్లనే ఉండె. ఆయనకు నలభై ఐదేండ్లకు పగలు గూడ పోయింది. హైదరాబాద్ దవాఖానల చూపెట్టుకున్న. మందు లేదన్నరు."

ఆయనకప్పుడు ముప్పై తొమ్మిది.

"ఎవలకు చెప్పకు" అన్నాడు. "కండ్లు పోతయని తెలిస్తే దర్జీకి బట్టలు ఎవలిస్తరు?"

"మరి నాటకం బందు వెట్టు అన్నా. కిందపడితే ఎట్ల?"

"సాయంత్రం కాంగనే ఇంట్ల గోడకు ఆనుకొని కూసుంట తమ్మీ. నా పెండ్లాం మొఖం గూడ మసక మసక కనిపిస్తది. ఈడ నీ లైట్లుంటయి. పొద్దుగూకినంక నాకు మనుషుల మొఖాలు మంచిగ కనిపించేది ఈ స్టేజి మీదనే."

ఆ రోజు ఆయన్ని సైకిలు మీద కూర్చోబెట్టుకొని మండిబజారు దాకా దింపి వచ్చాను. అప్పటినుంచి నా నోట్‌బుక్కులో ఇంకో రాత మొదలైంది. సున్నా ఉన్న ప్రతిచోటా దాని పక్కన చిన్న అక్షరాలతో "అన్న చేరినంక" అని రాసుకున్నాను. అంటే లెక్క ఎనిమిదైనా, పన్నెండైనా, ఆయన చేరాల్సిన చోటికి చేరాడని చూసుకున్నాకే చీకటి చేయాలి. చీకట్లోనే నడవక తప్పని చోట నాలుగో నంబరు లైటును రెండు మీద వదిలేవాణ్ణి. దానికి నీలం జెలటిన్ కాగితం కట్టి, పక్కనుంచి నేల మీదికి తిప్పాను. హాల్లో కూర్చున్నవాళ్లకు అది ఉన్నట్టే తెలియదు. కాని సార్‌కు తెలిసింది.

"ఏందయ్యా అది? బ్లాక్ అవుట్ అంటే మొత్తం చీకటి. ఆ నీలం వెలుగు ఎందుకు మిగిలింది?"

"డిమ్మర్ లీకైతాంది సార్, మీట దించినా జర కరెంటు పోతాంది" అన్నాను. అది నా మొదటి అబద్ధం. తర్వాత అట్లాంటివి చాలా ఆడాను. మీట బిగుసుకుపోయిందన్నాను. ఎర్తు సరిగా లేదన్నాను. పాపం సార్ ఆ బోర్డు అమ్మినవాళ్లకు లీకేజీ గురించి రెండు ఉత్తరాలు కూడా రాశాడట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మరుసటి ఏడు నాటక పోటీలకు సార్ కొత్త నాటకం రాశాడు. చేను కాపలా కాసే రైతు కథ. చివరి సీనులో స్టేజి మీద మంచె ఉంటుంది. నాలుగు వెదురు గుంజల మీద, మనిషి ఛాతీ ఎత్తున, చుట్టూ ఏ ఆధారమూ లేకుండా. అన్న గుడిసె ముందు కుర్చీలో కూర్చొని ఉండగా అంతా చీకటవుతుంది. పది లెక్కపెట్టేలోగా ఆయన మంచె ఎక్కాలి. వెలుతురు వచ్చేసరికి ఒక్కడే ఆ ఎత్తు మీద నిలబడి కనబడాలి. సార్ ఆ దృశ్యం చెబుతుంటే అందరూ బాగుందన్నారు. నేను అన్న వైపు చూశాను.

అన్న మాత్రం సరేనన్నాడు. పగలు ఒంటరిగా వచ్చి, కుర్చీ నుంచి నిచ్చెన దాకా ఎన్ని అడుగులో కొలుచుకున్నాడు. ఏడు అడుగులు. నిచ్చెనకు నాలుగు మెట్లు. కళ్లు మూసుకొని ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. నేను కింద నిలబడి ఆయన పాదాలే చూస్తూ ఉన్నాను.

నా నీలం లైటు నిచ్చెన మీదికి తిప్పాను. నాలుగు రిహార్సళ్లు అట్లా గడిచాయి. ఆఖరి రిహార్సల్ రోజున సార్ వచ్చి నా పక్కనే నిలబడ్డాడు.

"ఇయ్యాల లీకేజీ లేకుండ చేయి. నేను చూస్తాన."

"సార్, అది..."

"ఆ వైరు పీకెయ్. అయిపోతది."

పీకేశాను. అన్న వైపు చూశాను. ఆయన కుర్చీలో కూర్చొని, వినబడిందన్నట్టు తల కొంచెం ఊపాడు. మాట పూర్తయింది, మీట లాగాను. నల్లటి చీకటి. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెడుతున్నాను. అడుగుల చప్పుడు వినబడుతోంది. ఆరు దగ్గర ఠప్పుమని కర్రకు ఏదో తగిలింది. తర్వాత ఏమీ వినబడలేదు. నేను పది అనుకున్నాక కూడా ఆగాను. సార్ "లాగు, లాగు" అంటున్నాడు. పదిహేను దాకా ఆగి లాగాను.

అన్న మంచె మీద ఉన్నాడు. డైలాగు చెబుతున్నాడు. ఆయన పంచె మీద మోకాలి కింద నెత్తురు మరక మెల్లగా పెద్దదవుతోంది.

"చూసినవా, ఎంత బాగుందో" అన్నాడు సార్ నాతో.

పోటీల రోజు నేను మధ్యాహ్నమే హాలుకు వెళ్లి, పీకేసిన వైరు మళ్లీ తగిలించాను. సార్ చూస్తే కొడతాడేమో అనుకున్నాను. కొడితే కొట్టనీ అనుకున్నాను. స్టేజి కుడి పక్క తెర చాటున నా బోర్డు. సార్ హాల్లో చివరి వరుసలో కూర్చున్నాడు. ముందు వరుసలో జడ్జీలు. హాలు నిండిపోయింది.

మూడు సీన్లు బాగా జరిగాయి. నాలుగో సీనుకు నీలం లైటు రెండు మీద ఉంచి మిగతావన్నీ దించాను. అన్న ఏడు అడుగులు వేశాడు, ఎక్కాడు. నేను కళ్లారా చూసి, ఆ తర్వాతే పెద్ద మీట లాగాను. మంచె మీద వెలుతురు పడగానే హాలంతా చప్పట్లు. అయిపోయింది, ఇక దిగడమే కదా, అది వెలుతురులోనే అనుకున్నాను.

అప్పుడు కరెంటు పోయింది.

బయట వీధిలో కూడా దీపం లేదు. హాల్లో ఈలలు, అరుపులు. అన్న అప్పుడు మంచె మీద ఆ అంచు నుంచి ఈ అంచుకు నడుస్తూ మాట్లాడే ఘట్టం. కరెంటు పోయినప్పుడు ఆయన అంచుకు మూడు జానల దూరంలో ఉన్నాడు, అటువైపే తిరిగి. అది నేను చూశాను. ఆయన మాట ఆపలేదు. గొంతు పెంచి, ఈలల మీదుగా డైలాగు చెబుతూనే ఉన్నాడు. కాని ఆ గొంతులో వణుకు ఉంది. మిగతావాళ్లకు అది నటన. వెదురు మంచె కిర్రుమన్నది. ఆయన ఒక అడుగు వేశాడు. ఎటు వేశాడో తెలియలేదు.

కరెంటు పోతే బోర్డు వదిలి కదలకూడదు. మీటలన్నీ దించి పెట్టాలి. లేకుంటే కరెంటు రాగానే లైట్లన్నీ ఒక్కసారి భగ్గుమంటాయి, ఫ్యూజులు కాలిపోతాయి. అది నేను పదిమందికి నేర్పిన మాట. అదేదీ గుర్తులేదు. చీకట్లో స్టేజి మీదికి పరిగెత్తాను. గుడిసె తడిక తగిలి పడ్డాను. లేచి, చేతులతో తడుముకుంటూ నిచ్చెన పట్టుకొని ఎక్కి, మంచె మీద పాకుతూ పోయి, ఆయన రెండు కాళ్లూ గట్టిగా పట్టుకున్నాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. "నేనే అన్నా, కదలకు" అన్నాను. ఒక పాదం వేళ్లు అంచు దాటి ఉన్నాయి.

అంతలో కరెంటు వచ్చింది. నేను ఎట్లా వదిలి వచ్చానో అట్లాగే లైట్లన్నీ ఒక్కసారి మా మీద పడ్డాయి. నూనె మరకల చొక్కా వేసుకొని, హీరో కాళ్లు పట్టుకొని, ఐదు వందల మంది ముందు నేను. హాలు నవ్వింది.

అన్న కిందికి చూశాడు. వెలుతురులో ఆయనకు నా ముఖం కనబడింది. ఆ రైతు గొంతుతోనే అన్నాడు.

"నువ్వా తమ్మీ! అడవిపందేమో అనుకున్న. ఒక్కన్నే ఉన్ననని భయపడి వచ్చినవా? కూసో. తెల్లారేదాక కూసో."

నవ్వు ఆగిపోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, మిగతా డైలాగంతా నడవకుండా అక్కడే నిలబడి చెప్పాడు. నాకు ఒక్కటే భయం. ఇంకా మూడు మార్పులున్నాయి. బోర్డు దగ్గర ఎవరూ లేరు. చివరి చీకటి ఎవరు చేస్తారు? చేస్తే ఎప్పుడు చేస్తారు?

వెలుతురు మెల్లగా పసుపులోకి మారింది. నేను నోట్‌బుక్కులో రాసుకున్నట్టే. తర్వాత తెల్లవారుజాము నీలం. తల తిప్పి చూస్తే, చివరి వరుస నుంచి ఎప్పుడు పరిగెత్తుకొచ్చాడో, తెర చాటున సార్. ఒక చేతిలో నా నోట్‌బుక్కు, ఇంకో చెయ్యి మీటల మీద. ఆఖరి మాట అయింది. చీకటి కావాల్సిన సమయం. సార్ లాగలేదు. నోట్‌బుక్కులోకి చూశాడు, మా వైపు చూశాడు, మళ్లీ నోట్‌బుక్కులోకి చూశాడు. అన్న నా భుజం పట్టుకొని నాలుగు మెట్లూ దిగి నేల మీద కాలు పెట్టాక, అప్పుడు మెల్లగా చీకటి చేశాడు.

తెర పడ్డాక మేకప్ గదిలోకి వచ్చి తలుపు వేశాడు. నోట్‌బుక్కు బల్ల మీద పెట్టి, ఆ పేజీ మీద వేలు పెట్టాడు.

"ప్రతి సున్నా కాడ 'అన్న చేరినంక' అని ఉన్నది. ఏంది ఇది?"

అన్నే చెప్పాడు. సార్ చాలాసేపు నిలబడే విన్నాడు. తర్వాత కుర్చీలో కూలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలే? అంత ఎత్తు ఎక్కించిన నిన్ను. కిందపడి మెడ ఇరిగితే నేను నీ పెండ్లానికి ఏమని చెప్పుకుందు?" అంటూనే నా వైపు తిరిగాడు. "లీకేజీ అని నువ్వు చెప్తే ఉత్తరాలు రాస్తి గదరా!"

ఆ రోజు మాకు ఏ బహుమతీ రాలేదు. సార్ నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాతి నాటకం మాత్రం ఒకే గదిలో, ఒకే వెలుతురులో జరిగేట్టు రాశాడు. అన్న అందులో మొదటి నుంచి చివరి దాకా మంచం మీదే కూర్చుంటాడు. ఆ నాటకం రెండుసార్లు ఆడాక అన్న తనంతట తానే మానేశాడు. వెలుతురులో కూడా పక్కనున్నవాళ్లు కనబడటం లేదని, ఎదురుగా ఉన్నదే గుండ్రంగా, చిన్నగా కనబడుతోందని నాకు చెప్పాడు. ఆయన సంగతి ఊరికి తెలిసింది. కొందరు బట్టలివ్వడం మానేశారు. వదిన మిషను మీద కూర్చోవడం నేర్చుకుంది. దుకాణం మూతపడలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం ఆయన మా దుకాణానికి వచ్చాడు. వెంట తొమ్మిదేళ్ల కూతురు. పాపను బయట నిలబెట్టి, నా చెవి దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, ఒక పని చేసిపెట్టాలె. దీనికి నా రేచీకటి ఉన్నదో లేదో తెల్వాలె. దవాఖానకు తీస్కపోతే పిల్లకు సమజైతది, భయపడ్తది. నీ బోర్డున్నది గదా. ఒక్కొక్క అంకె దించు. ఎంత దాక కనిపిస్తదో చూద్దాం."

నాకు వద్దనాలనిపించింది. దానికి లేకపోతే సరే. ఉంటే, ఆ సంగతి నా చేతులతో బయటపడుతుంది. కాని ఆయన ముఖం చూసి కాదనలేకపోయాను.

మధ్యాహ్నం బడి హాలు తలుపులు మూసి, కిటికీలకు గోనె పట్టాలు కట్టాను. అన్న జేబులోంచి రంగు రంగుల గుండీలు తీసి స్టేజి మీద చల్లాడు. పాప చేతికి ఒక రేకు డబ్బా ఇచ్చాడు. "ఇవన్నీ ఏరాలె. లైటు పోతాంటే గూడ ఏరాలె. ఆట" అన్నాడు. వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులూ ఒడిలో పెట్టుకున్నాడు.

పది. తొమ్మిది. ఎనిమిది. పాప ఏరుతోంది. గుండీ వేసినప్పుడల్లా డబ్బాలో టక్కున చప్పుడు. నేను అంకె మెల్లగా చెబుతూ దించుతున్నాను. ఐదు అన్నప్పుడు అన్న "నాకు పోయింది" అన్నాడు. ఇక ఆయనకు చప్పుడే. నాలుగు. టక్కు. మూడు. టక్కు, టక్కు. రెండు.

చప్పుడు ఆగింది.

నేను మీట పట్టుకొని అట్లాగే ఉన్నాను. నాక్కూడా పాప నీడలాగా కనబడుతోంది. కూర్చొని ఉంది, కదలటం లేదు. అన్న నా మోకాలు పట్టుకున్నాడు. వేళ్లు ఎముకకు దిగుతున్నాయి. "ఏరుతలేదా? తమ్మీ, ఏరుతలేదా?" గుసగుసగా అడుగుతున్నాడు.

"చాచా" అని పాప అరిచింది. "ఎర్ర గుండీ ఒకటి చెక్క సందుల వడ్డది. తీస్తాన. ఇంక జర ఆగు, లైటు తియ్యకు."

టక్కు.

ఒకటి దాకా దించాను. అప్పుడు కూడా ఏరింది. అన్న తల వంచుకొని ముఖం రుమాలుతో తుడుచుకున్నాడు. ఇంటికి పోతూ పాపకు మిఠాయి కొనిచ్చాడు.

అంతటితో అయిపోతుందనుకున్నాను. మరుసటి ఏడు మళ్లీ తీసుకొచ్చాడు. "నాకు పదకొండేండ్లకు మొదలైంది" అన్నాడు. ఆ తర్వాతి ఏడు కూడా. ప్రతిసారీ నాకు ముందు రోజు నిద్ర ఉండేది కాదు. అప్పటికి అన్నకు పగలు కూడా చూపు సగం పోయింది. హాల్లోకి ఆయన్ని పాపే చెయ్యి పట్టుకొని తీసుకొచ్చేది.

ఐదోసారి ఆ అమ్మాయికి పదమూడేళ్లు. గుండీలు ఏరడం అయిపోయాక, అన్న వరండాలో నీళ్లు తాగుతుంటే, ఆమె డబ్బా పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"చాచా, ఎంత దాక దించినవు?"

"ఒకటి."

"అన్నిసార్లు ఒకటేనా?"

"అవు."

"ఇది ఎందుకో నాకు నిరుటి సంది తెలుసు. అబ్బాకు చెప్పకు" అంది. వాళ్ల నాన్న ఒకప్పుడు నాతో అన్న మాటే అది, అదే గొంతు తగ్గించి. "నాకు గూడ రాత్రి భయమైతది. చిమ్నీ దీపం తగ్గించి, పుస్తకం తెరిచి చూసుకుంట. కనిపిస్తే పండుకుంట."

ఇన్నేళ్లుగా ఆ పాపకు తెలియదనుకుంటూ ఉన్నాం. నాకు ఏడుపొచ్చింది. ఆమె తల మీద చెయ్యి పెట్టి, మీ అబ్బాతో మాట్లాడు, ఇద్దరూ చెరొక చోట కూర్చొని భయపడటం ఎందుకు అన్నాను. ఆమె డబ్బాలోని గుండీలు రంగుల వారీగా బోర్డు పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పిందట. వారం తర్వాత ముగ్గురూ, వదినతో సహా, హైదరాబాదు దవాఖానకు వెళ్లారు. మిషన్లతో చూసి, ఈ పిల్లకు లేదు అన్నారు. ఆ మాట చెప్పడానికి అన్న నేరుగా బస్టాండు నుంచి మా దుకాణానికి వచ్చాడు. నేను మోటారు విప్పుతున్నాను, చేతుల నిండా నల్ల నూనె. గుమ్మంలో కూతురు భుజం పట్టుకొని నిలబడి, నేను ఏ పక్కన ఉన్నానో తెలియక, "తమ్మీ, ఉన్నవా?" అని గట్టిగా పిలిచాడు.